షెడ్డు గోడ మీద నింద

"మేడమ్, మన గోడ పడగొడతాండారంట. జేసీబీ కూడా వచ్చేసింది," అన్నాడు మేస్త్రి మునిశంకర్ ఫోనులో.

రక్షిత అప్పుడే రాబర్ట్‌సన్‌పేటలో ఇడ్లీ పార్శిల్ కట్టించుకుని స్కూటర్ ఎక్కుతోంది.

"ఏ గోడ?"

"మనకుండేది ఒకే గోడ కదా మేడమ్."

ఆ మాట నిజమే కాబట్టి ఇంకా ఒళ్ళు మండింది. ఆరేళ్ళ పాటు కాలేజీ ల్యాబులో ఆమె పోసిన కాంక్రీటు క్యూబులన్నీ గట్టిదనం పరీక్షించే మిషను కింద పగిలి చెత్తలో పడ్డాయి. ల్యాబు బయట, ఎండలో వానలో నిలబడిన గోడలు మాత్రం ఒక్కచోటే ఉన్నాయి. బూదికోట అవతలి పల్లెలో ఆదినారాయణప్ప కట్టించుకున్న పట్టుపురుగుల షెడ్డు అది.

"ఎందుకు పడగొడతారంట?"

"పురుగులన్నీ సచ్చిపోయినాయంట. మన గోడలో సైనైడ్ ఉండాదంట."

రక్షిత ఇడ్లీ పొట్లాన్ని స్కూటర్ డిక్కీలో విసిరేసి బంగారుపేట దారి పట్టింది.

సైనైడ్. ఈ మాట వినీ వినీ ఆమె చెవులు కాయలు కాశాయి. కేజీఎఫ్‌లో గనులు మూతపడి పాతికేళ్ళయినా, రాయిని పిండి కొట్టి బంగారం తీసుకోగా మిగిలిన పొడి గుట్టలు గుట్టలుగా ఊరి చుట్టూ అలాగే ఉంది. జనం వాటిని సైనైడ్ దిబ్బలంటారు. గాలి కాలంలో ఆ దుమ్ము కిటికీలు మూసినా అన్నంలో పడుతుంది. ఆ దుమ్ము తింటూ పెరిగిన పిల్ల రక్షిత. ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరకగానే ఆ దిబ్బల మీదే పడింది. అనుమతి తెచ్చుకుని, పొడిని కడిగి, విషం మిగల్లేదని ఒకటికి మూడు చోట్ల పరీక్షలు చేయించి, ఇసుకకు బదులు వాడింది. సిమెంటుకు బదులు, ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం ఉంది కదా, ఉక్కు ఫ్యాక్టరీల వాళ్ళు స్లాగ్ అంటారు, దాని పొడి వేసింది. అది గట్టిపడడానికి అందులో కాస్త క్షారపు పొడి కలిపింది. నీళ్ళు పోసి కలిపితే చాలు, రాయవుతుంది. ఏటి ఇసుక తవ్వక్కర్లేదు, సిమెంటు కాల్చక్కర్లేదు. చెప్పడానికి రెండు ముక్కలు. ఒక్క మనిషిని నమ్మించడానికి ఆరేళ్ళు పట్టింది.

ఆ ఒక్క మనిషీ ఇవాళ జేసీబీ పిలిపించాడు.

షెడ్డు ముందు మామిడి చెట్ల నీడలో పసుపుపచ్చ జేసీబీ ఆగి ఉంది. డ్రైవరు సీట్లో కాళ్ళు చాపుకుని ఫోను చూసుకుంటున్నాడు. ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు. ఆదినారాయణప్ప రాతి మీద కూర్చుని తుండుగుడ్డతో మొహం తుడుచుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి. తెల్లారి చావు కబురు విన్నవాడిలా ఉన్నాడు. ఆయన పక్కన తెల్ల చొక్కాతో నిలబడ్డ మోహన్‌ని చూడగానే రక్షితకు ఇడ్లీ తినకపోయినా కడుపు నిండిపోయింది. బంగారుపేటలో ఇసుక, సిమెంటు అమ్మే కొట్టు అతనిది. చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లు లేచిందంటే ఇసుక అతని లారీలోంచి దిగాల్సిందే. ఈ షెడ్డుకు తప్ప.

"రామ్మా. నీకోసరమే ఆపినాను," అన్నాడు ఆదినారాయణప్ప. "నువ్వు కట్టించిన గోడ. నీ కండ్ల ముందరే పోవల్ల."

"అప్పా, గోడ పురుగుల్ని చంపదు."

"అయితే ఎవురు చంపినారు? నేనా?"

"అది కనుక్కుందాం. కొంచెం ఓపిక పట్టు."

"ఓపిక పట్టే కదమ్మా నీ గోడ కట్టించుకునింది. ఊరంతా నవ్వినా ఓపిక పట్టినాను. దిబ్బ మన్నుతో ఇల్లు కట్టినాడురా ఆదినారాయణప్ప అని పాట కట్టినారు. దానికీ ఓపిక పట్టినాను."

మోహన్ గొంతు సవరించుకున్నాడు. "సైనైడ్ సంగతి చిన్నపిల్లోనికి కూడా తెలుసు మేడమ్. నాలిక మీద పెట్టుకుంటే రుచి చెప్పే లోపలే పోతారంట."

"అందులో సైనైడ్ లేదు మోహన్. రిపోర్టులు ఇచ్చినాను. చదివినారా?"

"ఇంగ్లీషులో ఉండాయి మేడమ్. పురుగులకు ఇంగ్లీషు రాదు కదా."

జనం నవ్వారు. రక్షితకు ఓపిక అక్కడ తెగింది. నేరుగా షెడ్డు దగ్గరకు నడిచి, అందరూ చూస్తుండగా, గోడను నాలుకతో జానెడు మేర నాకింది.

నవ్వులు ఆగిపోయాయి. ఆమె వెనక్కి తిరిగి నిలబడింది.

"చాలా? ఇంగా నాకల్లా?"

పక్కింటి హనుమంతప్ప మెల్లగా, "కొంచేపు చూద్దామప్పా, తొందరేముండాది," అన్నాడు. జేసీబీ డ్రైవరు ఫోనులో టైము చూసుకున్నాడు. ఊరు ఊరంతా తను ఎప్పుడు పడిపోతుందా అని ఎదురుచూస్తోందని రక్షితకు అర్థమై, తల బాదుకోవాలనిపించింది.

"ఈ లోపల పురుగులకు ఏమైందో చెప్పప్పా," అంది ఆదినారాయణప్పతో.

చెప్పాడు. పురుగులు చిన్నప్పటి నుంచీ బాగానే మేశాయి. నాలుగో జొరానికి పోయాయి. పట్టుపురుగు చర్మం వదిలే ముందు మేత మాని, తలెత్తి, కదలకుండా పడుకుంటుంది. దాన్నే ఇక్కడి రైతులు జొరమంటారు. నాలుగో జొరం దాటిందంటే పురుగు రాక్షసిలా తిని గూడు కడుతుంది. పంట చేతికొచ్చినట్టే. కానీ ఈసారి జొరానికి పోయిన పురుగులు లేవలేదు. పడుకున్నవి పడుకున్నట్టే నల్లబడిపోయాయి.

"పక్కన టమోటా తోటుండాది కదా. మందు కొట్టినారేమో? గాలికి ఆకు మీద పడి ఉంటాది," అంది రక్షిత.

"నేను కొట్టలేదు," అన్నాడు హనుమంతప్ప వెంటనే. టమోటా తోట అతనిదే. "ఆయప్ప పురుగులుండేటప్పుడు నేను చెప్పకుండా ఎప్పుడూ కొట్టను. మా ఇంట్లో కూడా పురుగులుండాయి. నాకు తెలీదా?"

"వాడు కొట్టలేదు," అన్నాడు ఆదినారాయణప్ప.

మిగిలింది ఒక్కటే దారి. ఈ గోడ పడితే ఎవరికి లాభం? రక్షిత చూపు తెల్ల చొక్కా మీదకు పోయింది.

"మోహన్, మీరు మొన్న ఈ షెడ్డు కాడికి వచ్చినారంట కదా. మునిశంకర్ చెప్పినాడు."

"వచ్చినాను. గోడ ఎట్ల లేచిందో చూద్దామని."

"లోపలికి పోయి ఏం చేసినారు?"

అతను ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు, తర్వాత అతని మొహం నల్లబడింది. "ఏం మాట్లాడతాండారు మేడమ్? నేను పురుగులకు మందు పెట్టినానా?"

"పెట్టినారని అనలేదు. పెట్టలేదని మీరు చెప్పండి."

"ఆపమ్మా," అని ఆదినారాయణప్పే లేచాడు. "జొరంలో ఉండేటప్పుడు మా ఇంటి ఆడబిడ్డనే లోపలికి రానీము. ఈ ఇసుకాయన్ని రానిస్తానా? వాకిట్లోనే నిలబెట్టి కాఫీ ఇచ్చి పంపించినాను. తాళం చెవి నా మొలతాడుకే ఉండాది."

జనం ఆమెను చూసిన చూపు మారింది. ఇంతసేపూ పిచ్చిది అనుకున్నారు. ఇప్పుడు చెడ్డది అనుకుంటున్నారు. మోహన్ చొక్కా చేతులు సర్దుకుంటూ, "సదువుకున్నోళ్ళు. ఏమన్నా అనొచ్చు," అన్నాడు.

"సచ్చిన పురుగులు యాడ?" అని అడిగింది రక్షిత.

"వెనక గుంతలో. సచ్చినోటిని చూసి ఏం చేస్తావు?"

ఇంకెక్కడికైనా పోవాలి, ఈ మొహాలు కనబడకూడదు, అంతే. షెడ్డు చుట్టూ తిరిగి పేడగుంత దగ్గరకు వచ్చింది. అరల మీద నుంచి ఊడ్చి పోసిన చెత్త కుప్పగా ఉంది. ఎండిన మల్బరీ ఈనెలు, పురుగుల రెట్ట, మధ్యలో నల్లగా ముడుచుకున్న పురుగులు. వాసన ముక్కు పగలగొడుతోంది. కాలితో కుప్పను కదిపింది.

కాలికి రాయి తగిలింది.

రాయి కాదు. వంగి చేతిలోకి తీసుకుంది. అరచేతి వెడల్పు పెళ్ళ. ఆకు ఈనెలు, రెట్ట, రెండు పురుగులు అన్నీ పాలిపోయిన తెల్లటి పొడిలో అతుక్కుని గట్టిపడ్డాయి. వేళ్ళతో విరిచి చూసింది. విరగలేదు. పక్కనున్న చప్టా అంచుకు వేసి కొట్టింది. రెండు ముక్కలైంది.

లోపల నెమలి మెడ రంగు. పచ్చా నీలమూ కలిసిన తడి మెరుపు.

రక్షిత అక్కడే గొంతుక్కూర్చుంది. ఆ రంగు ఆమెకు తెలుసు. స్లాగ్ గట్టిపడ్డ కొత్తలో విరగ్గొడితే లోపల అదే రంగు ఉంటుంది. గాలి తగిలితే మెల్లగా పోతుంది. ల్యాబులో పగిలిన ప్రతి క్యూబులోనూ చూసింది. ఇంకే పొడికీ ఆ రంగు రాదు. ఎవరో పురుగుల మీద ఆమె మిశ్రమాన్ని చల్లారు. ఆకు తడికి అది పట్టుకుంది. క్షారం పురుగుల ఒంటిని కాల్చేసింది.

తల ఎత్తేసరికి పెరటి గుమ్మంలో పిల్లమ్మ నిలబడి ఉంది. ఆదినారాయణప్ప భార్య. ఇంతసేపూ జనంలో కనబడలేదు. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఉంది.

"అమ్మా, జొరంలో సున్నం ఎవరు చల్లినారు?"

జొరానికి పోయిన పురుగుల మీద సున్నం పొడి పలచగా చల్లడం ఇక్కడి పద్ధతి. మిగిలిన ఆకు ఎండిపోయి పడక పొడిగా ఉంటుంది.

"ఎవురు చల్లుతారు? ఎప్పుడూ నేనే."

"ఏ సంచీలోది?"

"మన చిలక బొమ్మ సంచీ. పాతది అయిపోయింటే, కొట్టంలో కుట్టిన సంచీ ఇంగొకటి కనబడింది."

రక్షిత కళ్ళు మూసుకుంది. చిలక బొమ్మ సంచులు. సున్నం కంపెనీవి. పట్టు రైతుల ఇళ్ళలో ఖాళీ సంచులు పారేస్తుంటే తనే అడిగి పోగు చేసుకుంది. సంచులు కూడా కొత్తవి కొనకుండా వ్యర్థంతోనే అంతా చేస్తున్నామని బెంగళూరు సెమినార్‌లో గొప్పగా చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకుంది. వాటిలోనే తన పొడి నింపి, కుట్టి, ఇక్కడికి పంపింది. పని అయ్యాక మిగిలిన సంచీని మునిశంకర్ తిరిగి తేలేదు. తెమ్మని తనూ చెప్పలేదు. ప్రపంచంలో ఎక్కడ పెట్టినా ఆ సంచీని ఎవరూ ముట్టుకుని ఉండరు. సున్నం చల్లే ఇంట్లోనే వదిలిపెట్టింది.

"చేతులు చూపించమ్మా."

పిల్లమ్మ కొంగును ఇంకా బిగించి చుట్టుకుంది. రక్షిత వెళ్ళి కొంగు తీసింది. అరచేతులు ఎర్రగా పొక్కి, వేళ్ళ సందుల్లో చర్మం లేచిపోయి ఉంది.

"కొత్త సున్నం కదా, వేడి ఎక్కువ అనుకుంటి," అంది పిల్లమ్మ. "ఆయప్పకు చెప్పొద్దమ్మా. పురుగులకు నేనే విషం పెట్టినానంటాడు. బతికినన్ని దినాలూ అంటాడు."

అవతల జేసీబీ ఇంజను స్టార్టయిన చప్పుడు వచ్చింది.

రక్షిత చేతిలో పెళ్ళ బరువుగా ఉంది. దాన్ని గుంతలో పడేస్తే ఎవరికీ తెలియదు. టమోటా మందు అని ఇంకో పది సార్లు గట్టిగా అరిస్తే నమ్మేవాళ్ళు నమ్ముతారు. చెబితే ఆరేళ్ళ పని మీద మట్టి పోస్తారు. చెప్పకపోతే గోడ పడిపోతుంది, అప్పుడూ మట్టే. పైగా గోడ కట్టేటప్పుడు సంచులు ఎవరెవరు పట్టుకుపోయారో, ఊళ్ళో ఇంకెవరి కొట్టంలో తన సంచీ ఉందో తనకే తెలియదు. ఆ ఆలోచన రాగానే కాళ్ళు వాటంతటవే ముందుకు నడిచాయి.

"ఆపండి," అంటూ జేసీబీ ముందుకు వెళ్ళి పెళ్ళను ఆదినారాయణప్ప చేతిలో పెట్టింది. "అప్పా, పురుగుల్ని చంపింది ఇది. గోడ కట్టగా మిగిలిన నా పొడి. సున్నం సంచీలో పోసి మీ కొట్టంలో వదిలేసినాను. చూసినోళ్ళు ఎవరైనా సున్నమనే అనుకుంటారు. తప్పు నాది. చల్లినోళ్ళది కాదు. మోహన్, మిమ్మల్ని అనకూడని మాట అన్నాను. అదీ నా తప్పే."

ఆదినారాయణప్ప పెళ్ళను తిప్పి తిప్పి చూశాడు. "అంటే నీ పొడే చంపింది."

"అవును."

"ఆ పొడే గోడలో ఉండాది."

"ఉంది. కానీ గోడలో అది రాయి అయిపోయింది. పొడిగా ఉన్నప్పుడే కాలుస్తుంది."

"పొడి ఒకటే కదా?"

"ఒకటే. కానీ..."

"పురుగుల మీద పడినా ఇదిగో, రాయే అయింది కదా?"

"అయ్యే లోపల కాల్చింది అప్పా. నీళ్ళు వేసి కలిపి, ఎండి, నెలలు గడిచిన తరువాత..."

"పొద్దున అది చంపదంటివి. ఇప్పుడు చంపిందంటావు. మళ్ళా చంపదంటావు. ఒక మాట మీద నిలబడమ్మా."

బెంగళూరులో ప్రొఫెసర్లు అడిగిన ప్రశ్నలకు రక్షిత దగ్గర జవాబులున్నాయి. దీనికి లేదు.

"కొట్టు," అన్నాడు ఆదినారాయణప్ప డ్రైవరుతో.

తొండం పైకి లేచింది.

"గోడ మీద చెయ్యి పడిందంటే నేను పుట్టింటికి పోతా," అన్న మాట వెనక నుంచి వినబడింది. అరుపు కాదు. మామూలుగా, పాలు పితకడానికి పోతానన్నట్టు.

పిల్లమ్మ వెదురు తట్ట మోసుకుంటూ వచ్చింది. పొక్కిన చేతులు ఆనకుండా మోచేతుల మీద పెట్టుకుని ఉంది. తట్టలో మల్బరీ ఆకు. ఆకు మీద తెల్లగా, బలంగా, వేలెడేసి పురుగులు. మొత్తం తట్ట చిన్న వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తూ మేస్తోంది.

"చల్లింది నేనే," అంది మొగుడితో. "చిలక బొమ్మ చూసి సున్నమనుకుంటి. కడ వరుసలో కింది అర కాడికొచ్చేసరికి పొడి అయిపోయింది. దానికి చల్లలేదు. ఆ అర గోడకు ఆనుకునే ఉండాది. జొరం అంతా ఇవి ఆ గోడ పక్కనే పడుకున్నాయి. చూడు, ఎట్ల లేచినాయో."

తొండం గాల్లోనే ఆగింది. హనుమంతప్ప ముందుకొచ్చి ఒక పురుగును వేలితో తట్టి, "కండ బాగా ఉండాది," అన్నాడు నిపుణుడిలా.

"సచ్చినోటిని నాకు చూపించి బతికినోటిని దాచినావా?" అన్నాడు ఆదినారాయణప్ప.

"అన్నీ గుంతలో పొయ్యమంటివి. బతికినాయని చెప్పింటే ఉండనిచ్చుంటివా? ఎట్ల బతికినాయి అని అడిగుంటివి. అప్పుడు చల్లిన మాట చెప్పల్ల. ఇప్పుడు ఈ పిల్ల తనమీద వేసుకునింది కాబట్టి నాకు నోరొచ్చింది."

ఆదినారాయణప్ప తట్టను చూశాడు. గోడను చూశాడు. భార్య చేతులను చూసి అక్కడే చూపు ఆపాడు. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"గోడ వద్దులే," అన్నాడు డ్రైవరుతో. "వచ్చినావు కదా, వెనకాల గుంత లోతు చేసి సచ్చినోటిని పూడ్చిపో. కోళ్ళు గెలుకుతాయి."

జనానికి చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదు. గోడ నాకిన మనిషి పడిపోయే సూచనలు కూడా లేవు. ఒక్కొక్కరే జారుకున్నారు. రక్షిత వెళ్ళి పిల్లమ్మను బోరు దగ్గర కూర్చోబెట్టి చేతుల మీద చాలాసేపు నీళ్ళు పోసింది.

"వెంటనే ఆస్పత్రికి పోవల్ల అమ్మా. మందు రాయించుకోవల్ల."

"ఆకు కోసినాక పోతాను. ఇవి ఇప్పుడు ఆగవు. రాక్షసి మేత."

"ఆకు నేను కోస్తాను. నువ్వు పో."

పిల్లమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "నీకు కొడవలి పట్టుకోను వస్తాదా?"

"రాదు. నేర్చుకుంటాను. పో అమ్మా నీకు పుణ్యముంటుంది."

ఆదినారాయణప్ప మోటర్‌సైకిల్ తీశాడు. వెనక ఎక్కిన పిల్లమ్మ ఊరి మలుపు తిరిగేదాకా ఆకు ఎట్లా కోయాలో, తడి ఆకు ఎందుకు వేయకూడదో, తలుపు ఎంత తీయాలో చెబుతూనే ఉంది. మొగుడు బండి నడుపుతూ, ఆ పిల్లకు ఏం చెప్పినా ఎక్కదులే అనడం కూడా వినబడింది.

మల్బరీ తోటలోకి అడుగు పెట్టిందో లేదో వెనక నుంచి మోహన్ వచ్చాడు. రక్షిత కొడవలి కిందికి దించింది.

"క్షమించండి మోహన్. నిజంగా."

"దాన్ని వదిలేయండి మేడమ్." అతని చేతిలో విరిగిన పెళ్ళ ఉంది. గోటితో గీకి చూస్తున్నాడు. "పురుగు రెట్ట, ఆకు చెత్త. వీటినే ఇట్ల పట్టుకునిందే. మంచి ఇసుకతో కలిపితే ఎట్లుంటాది?"

"ఆరేళ్ళుగా అదే చెబుతున్నాను."

"మీరు సైనైడ్ లేదు, సైనైడ్ లేదు అని చెప్తాండారు. ఇది ఎవురూ చెప్పలేదు," అన్నాడతను నొచ్చుకున్నట్టు. "ఈ పొడి మా కొట్టుకు ఇస్తారా?"

"ముందు ఊళ్ళో ఉన్న ప్రతి సంచీ వెనక్కి రావాలి. ఆ తరువాత మాట్లాడదాం."

అతను పెళ్ళను చేతిరుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు. రక్షిత మునిశంకర్‌కు ఫోను చేసింది.

"గోడ పోయిందా మేడమ్?"

"లేదు. నిలబడింది. నువ్వు ఇప్పుడే మనం పొడి కలిపే చోటికి పోయి చిలక బొమ్మ సంచులన్నీ విప్పు. పొడి డ్రమ్ముల్లో పొయ్యి. చేతికి గ్లవుజులు వేసుకో. సంచులు కాల్చకు, కత్తిరించి పక్కన పెట్టు. ఇకనుంచి పొడిలో రంగు కలుపుదాం. చూడగానే సున్నం కాదని తెలియల్ల."

"సరి మేడమ్. ఎర్ర రంగు కలిపేదా?"

"కలుపు."

"ఎర్రగా ఉంటే కుంకుమ అనుకుంటారేమో మేడమ్."

"అయితే పసుపుపచ్చ."

"పసుపు అనుకోరా?"

"నీలం కలుపు మునిశంకర్."

"తెల్ల బట్టలకు వేసే నీలం అని ఎవురైనా బకెట్లో..."

రక్షిత ఫోను ఆపి రవికెలో దోపుకుంది. ఎండ మాడ్చేస్తోంది. షెడ్డులో మేత కోసం తట్టెడు పురుగులు ఎదురుచూస్తున్నాయి. కొడవలి తీసుకుని మొదటి కొమ్మ మీద వేసింది. కొమ్మ తెగలేదు.